వాకిలి కడిగిన నీళ్ళు

తన సంగతి రాయడానికి వెంకటేశ్వరి ఒక్క షరతు పెట్టింది. పేరు మార్చి రాయనా అని అడిగితే ఒప్పుకోలేదు. "నా పేరే రాయి. ఇంగొకరి పేరు పెడితే మల్లా నా తప్పు ఇంగొకరి నెత్తిన ఏసినట్టయితాది" అంది. అందువల్ల ఆమె పేరుతోనే, ఆమె చెప్పిన వరుసలోనే, ఏదీ తగ్గించకుండా రాస్తున్నాను.

ఆమెది చిట్వేలు దగ్గర ఒక పల్లె. కువైట్‌లోని ఎగైలాలో ఒక రెండంతస్తుల ఇంట్లో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఒప్పంద పత్రంలో ఒక్క పని పేరే ఉంది. వంట, ఇంటి పని, బట్టలు, పిల్లల పెంపకం, యజమానురాలి ముసలి అత్తగారి మందులు, అన్నీ ఆ ఒక్క మాట కిందికే వచ్చాయి. యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలుస్తుంది. ఆ ఇంటి డ్రైవరు లాల్ బాషా రాయచోటి మనిషి, ఆమెకంటే ఐదేళ్ళు చిన్న. గేటు పక్కన, వీధి మట్టానికి ఒక మెట్టు కింద ఉన్న గది అతనిది. ఆమె గది మిద్దె మీద, నీళ్ళ ట్యాంకుల పక్కన.

పుట్టింట్లో ఆమె నేర్చిన మొదటి పని వాకిలి శుభ్రం చేయడం. ఊడ్చి, పేడనీళ్ళ కళ్ళాపి చల్లి, ముగ్గు వేసేదాకా ఆ ఇంటి ఆడవాళ్ళు మంచినీళ్ళు కూడా తాగేవారు కారు. కువైట్‌లో పేడ లేదు, మట్టి వాకిలీ లేదు. రబ్బరు పైపు ఉంది, బ్లీచింగ్ సీసా ఉంది, రాతి పలకలు పరిచిన గేటు ముంగిలి ఉంది. ఎండ ఎక్కకముందే ఆమె పైపు పట్టుకుని ఇసుకను, పావురాల రెట్టను, పిల్లలు పారేసిన చాక్లెట్ కాగితాలను వీధిలోకి తోసేది. ఆ వరుసలో అంత తెల్లగా మెరిసే ముంగిలి మరొకటి లేదు. అది తన గొప్పని ఆమె అనుకునేది. మామా ఇంటికి వచ్చే ఆడవాళ్ళు కూడా అనేవారు.

"ఏమక్కా, ముగ్గొకటే తక్కువైంది. ముగ్గుపిండి తెచ్చియ్యాల్నా?" అని లాల్ బాషా కారు తుడుస్తూ ఆటపట్టించేవాడు.

"తేప్పా, నీ గడప ముందర గూడ ఏస్తా. అది చూసి బాబా ఇద్దర్నీ ఒగే ఇమానంలో పంపుతాడు."

ఆ నీళ్ళు ఎటు పోతాయన్న ప్రశ్న ఆమెకు ఎన్నడూ రాలేదు. ఊళ్ళో అంట్లు తోమిన నీళ్ళు పెరట్లో అరటి మొదలుకు, స్నానాల నీళ్ళు కరివేపాకు చెట్టుకు పారేవి. ఇక్కడ పెరడు లేదు. గేటుకు ఎదురుగా, కాలిబాట అంచున, ఒక ఇనుప జాలీ ఉంది. నాలుగడుగుల అవతల గుండ్రటి ఇనుప మూత ఉంది. మూత కింద పారేది ఇళ్ళలో వాడిన మురుగునీరు. అది శుద్ధి కేంద్రానికి వెళ్తుంది. జాలీ కింద పారవలసింది వాననీరు మాత్రమే. అది ఏ శుద్ధీ లేకుండా సముద్రంలో కలుస్తుంది. ఈ రెండు వాక్యాలు పదకొండేళ్ళలో ఆమెకు ఒక్కరు కూడా చెప్పలేదు. నియమాలు అరబ్బీలో ఉంటాయి, కాగితాలు యజమాని పేరుకు వస్తాయి, జాలీ దగ్గర రోజూ నిలబడేది పనిమనిషి. "అన్నీ మోర్లే గదా అనుకున్యా" అంది వెంకటేశ్వరి.

నూనె సంగతి మరీ విచిత్రం. ఆమె ఊళ్ళో నూనె పారబోయడం అనే పనే లేదు. పండక్కి కాగిన నూనెను తర్వాత తాలింపులకు వాడతారు. చివరికి మిగిలిన మడ్డిని తలుపు బందులకు పూస్తారు. వాడిన నూనెను ఎలా వదిలించుకోవాలో ఏ తల్లీ కూతురికి నేర్పలేదు, ఎందుకంటే వదిలించుకోవలసినంత నూనె ఏ ఇంట్లోనూ మిగల్లేదు. ఎగైలా ఇంట్లో నూనె ఒక్కసారే కాగుతుంది. రంజాన్ నెలంతా రోజూ సమోసాలు, లుగైమాత్ అనే తీపి ఉండలు. మిగతా కాలమంతా శుక్రవారాల్లో చేపలు. బాణలి నిండా నూనె, మర్నాటికి కొత్త నూనె.

మొదటి ఏడాది ఆమె ఆ నూనెను వంటింటి సింకులో పోసింది. గొట్టం పూడుకుపోయింది. మామా చేయి గేటు వైపు చూపించి "బర్రా! బర్రా!" అని అరిచింది. బయట, బయట అని. బయట అంటే ఎక్కడో మామా చెప్పలేదు, వెంకటేశ్వరి అడగలేదు. చెత్త సంచిలో పోస్తే కారుతుంది. కారితే వాకిలి పలకల మీద మరక పడుతుంది. వాకిలి మరక పడటం ఆమె ఒప్పుకోలేదు. కాబట్టి నూనె జాలీలోకి పోయింది. దాని వెంట మజ్బూస్ గిన్నె అడుగున పేరుకున్న నెయ్యి, మెతుకులు, ఆ మాంసపు అన్నంలో వేసే లూమీలు కూడా పోయాయి. లూమీ అంటే ఎండిన నల్ల నిమ్మకాయ. ఆ పైన వేడి సబ్బునీళ్ళు పోసి జాలీని కూడా తళతళలాడించేది.

గత నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం వాన పడింది. గంటకు మించి పడలేదు. వీధంతా నీళ్ళు నిలిచాయి, సాయంత్రానికి అన్ని ఇళ్ళ ముందూ దిగిపోయాయి. ఈ ఇంటి ముందు దిగలేదు. జాలీ నీళ్ళను మింగడానికి బదులు వెనక్కి కక్కింది. బూడిద రంగు నీళ్ళు గేటు కింద నుంచి లోపలికి వచ్చి, ఒక మెట్టు కింద ఉన్న గదిని వెతుక్కున్నాయి. అక్కడ ఆదివారం బడి ఉంటుంది కాబట్టి లాల్ బాషా ఆ సమయంలో పిల్లల్ని తీసుకురావడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి గదిలో మోకాలి లోతు నీళ్ళు, వాటి మీద జిడ్డు తెట్టె, ఆ తెట్టెలో తేలుతున్న చెప్పులు, దిండు, అతని అక్క ఆసియా బీ హజ్ నుంచి తెచ్చి ఇచ్చిన జానమాజ్, అంటే నమాజు చేసుకునే పరుపు గుడ్డ.

సోమవారం పొద్దున కాలువలు శుభ్రం చేసే ప్రభుత్వ పనివాళ్ళు బండితో వచ్చారు. జాలీ ఎత్తి, కొక్కెం దించి, లోపలి నుంచి గొర్రెపిల్లంత ముద్దను బయటికి లాగారు. పైన ఇసుక పట్టి నల్లగా ఉంది. వాళ్ళ పర్యవేక్షకుడు దాన్ని బూటుతో కదిపి "జైత్" అన్నాడు. నూనె. బాబా చేతికి ఒక తాఖీదు ఇచ్చాడు. బాబా తల తిప్పి లాల్ బాషా వైపు చూశాడు. లాల్ బాషా కారు బానెట్ ఎత్తి ఆయిలు డబ్బా వంచుతుండగా చూశానని పొరుగింటాయన ఎప్పుడో అన్నాడట. అది చాలింది.

"లా, వల్లా, బాబా! నేను గాదు, ఒట్టు! ఆయిలు మార్చేది అల్ రాయ్ షెడ్డులోనే, రసీదులుండాయి" అని లాల్ బాషా సగం అరబ్బీలో, సగం ఉర్దూలో మొత్తుకున్నాడు. రసీదులు ఎవరూ అడగలేదు. ఆరోపించినవాడే తీర్పు చెప్పాడు. దొరికిన వస్తువు అందరి కాళ్ళ ముందే పడి ఉన్నా ఎవరూ వంగి వాసన చూడలేదు. గురువారం పొద్దున కాగితాల కవరు తీసుకుని తనతో రమ్మని, ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, రద్దు చేయిస్తానని బాబా అన్నాడు. "ఖలాస్." అంతే, అయిపోయింది.

టీ ట్రే పట్టుకుని వంటింటి మెట్ల మీద నిలబడిన వెంకటేశ్వరి ఆ ముద్దను చూసింది. ఒక్క చూపులోనే అది తనదని తెలిసింది. ఇసుక చిట్లిన చోట లోపల తెల్లగా, గడ్డకట్టిన నెయ్యిలా ఉంది. ఆమె ట్రే దించలేదు. నోరు తెరవలేదు. పనివాళ్ళు ముద్దను బండిలో వేసుకుని వెళ్ళిపోయేదాకా అలాగే నిలబడి, తర్వాత టీ చల్లారిందని లోపలికి తీసుకుపోయి మళ్ళీ కాచింది. "ఆ టీ మల్లా కాంచినాను సూడు, అది గుర్తొస్తే ఇప్పుటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు" అంది నాతో.

ఆ మధ్యాహ్నం మిద్దె మీద బట్టలు ఆరేస్తూ పక్కింటి పనిమనిషికి చెప్పింది. రాజంపేట నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళయిన ఆ మనిషిని ఆ వీధిలోని తెలుగువాళ్ళంతా పెద్దక్క అనే పిలుస్తారు. పిట్టగోడ అవతల నుంచి పెద్దక్క అడిగింది:

"నువ్వేనా పోసింది?"

"నేనే పెద్దక్కా."

"ఎవురన్నా చూసినారా?"

"లేదు."

"అయితే నువ్వు గాదు. నోరు మూసుకోని పని చేసుకో. ఆయప్ప డ్రైవరు, యాడన్నా బతుకుతాడు. నీకు యాభై దగ్గర పడతాండాయి, మోకాళ్ళు పట్టేసినాయి. నిన్ను పంపిస్తే మల్లా ఏ కఫీల్ పనిలోకి తీసుకుంటాడే?"

"ఆయప్ప నమాజు గుడ్డ గూడ తడిసిపాయ పెద్దక్కా."

"ఉతికియ్యి. సరిపోతాది."

పెద్దక్క చెడ్డ మనిషి కాదు. నోరు తెరిచినవాళ్ళను విమానం ఎక్కించడం ఇరవయ్యేళ్ళు చూసిన మనిషి. ఆ సలహాలో మొదటి సగాన్ని పాటించడం వెంకటేశ్వరికి తేలికైంది. రెండో సగాన్ని పాటించడానికి మంగళవారం గేటు దగ్గరికి దిగింది.

లాల్ బాషా పరుపును గోడకు ఆనించి ఎండబెడుతున్నాడు.

"జానమాజ్ ఇట్లియ్యి బాషా, ఉతికిస్తా."

"ఏంటికిలే అక్కా, నీ మోకాళ్ళకు మెట్లే కష్టం."

"ఇయ్యి అంటాండాగా."

గుడ్డ అందుకుంటూ అతని గది కిటికీ వైపు చూసింది. గట్టు మీద మూడు లూమీలు వరసగా ఉన్నాయి. నీళ్ళలో నాని ఉబ్బి, తొడిమ దగ్గర ఆమె ఎప్పుడూ కత్తితో పెట్టే గాటు అలాగే ఉంది. ఆ గాటు పెట్టడం ఆమె అలవాటు. రసం బాగా దిగుతుందని.

"యాడివి అవి?"

"నా మంచం కిందికి కొట్టుకొచ్చినాయి." అతను నవ్వాడు. "బాబా కండ్లకు అది కారు ఆయిలు. నా ముక్కుకు మజ్బూసు. పదకొండేండ్లుగా నీ చేతి కూడు తింటాండా, నాకు తెలీదా?"

"తెలిసీ చెప్పలేదేమప్పా?"

"చెప్తే ఏమయితాది? నా బదులు నువ్వు పోతావు. నాకు లైసెన్సుండాది. ఊరికి పోయి మల్లా వీసా తెచ్చుకుంటా. సబ్హాన్‌లో మా ఖలీల్ పనిచేసే గోడౌన్లో వ్యాను తోలేదానికి మనిషి కావాలంటాండారు. నువ్వు వ్యాను తోలుతావా?" అని, ఆమె నవ్వకపోవడం చూసి గొంతు తగ్గించాడు. "నా సబ్బునీళ్ళు గూడ అందులోకే గదక్కా పోయింది. రోజూ పైపు పెట్టి కారు కడగలేదా నేను? ఒగటి మాత్రం ఇనుకో. నిన్న ఆ పనోళ్ళు మాట్లాడుకుంటాంటే ఇన్యా. బాత్రూము నీళ్ళే ఫిల్టరుకు పొయ్యేది. ఈ జాలీలోది సీదా సముద్రానికే."

వెంకటేశ్వరికి సముద్రం తెలుసు. శుక్రవారం సాయంత్రాలు ఇంట్లోవాళ్ళు తీరానికి వెళ్తే పిల్లల వెంట ఆమె కూడా వెళ్ళేది. కాంక్రీటు గొట్టం నోరు ఒకటి నీళ్ళలోకి తెరుచుకుని ఉండేచోట అలలు తక్కువ కాబట్టి చిన్నపిల్లను అక్కడే ఆడించేది. నీటి మీద రంగురంగుల పొర తేలుతుంటే, చూడు ఎంత బాగుందో అని పిల్లకు చూపించింది కూడా. పిల్ల కాళ్ళకు ఇసుక అంటితే ఆ నీళ్ళతోనే కడిగింది. తను వాకిట్లోంచి గెంటేసినది తన చేతుల్లో పెరిగిన పిల్ల కాళ్ళ దగ్గరికే చేరిందన్న మాట ఆమె నాతో పూర్తిగా అనలేదు. సగంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జానమాజ్‌ను మిద్దె మీద టబ్బులో ఉతికింది. మొదటి నీళ్ళు బూడిద రంగులో, చేతికి జారుతూ వచ్చాయి. పదకొండేళ్ళ అలవాటు చొప్పున టబ్బును మిద్దె తూము వైపు వంచబోయి ఆగింది. తూము గొట్టం వాకిట్లోకి దిగుతుంది. వాకిట్లో నుంచి జాలీలోకి. టబ్బును రెండు చేతులా ఎత్తి, మోకాళ్ళు కలుక్కుమంటుండగా, బాత్రూము దాకా మోసుకుపోయి అక్కడ వంపింది. ఐదు నీళ్ళు ఉతికింది, ఐదు సార్లు మోసింది. గుడ్డ శుభ్రపడింది. ముక్కుకు ఆనించుకుంటే సన్నగా నల్ల నిమ్మకాయ వాసన ఇంకా వచ్చింది. అతనికి అది ఇస్తూ కళ్ళలోకి చూడలేకపోయింది. నేరం ఆమెదని తెలిసినవాడు, ఆమె బదులు శిక్ష మోస్తున్నవాడు, "జజాకల్లా అక్కా" అని ఆమె బాగు కోరాడు. సోమవారం నుంచి మౌనం ఆమెకు బరువుగా ఉంది. ఆ మాట విన్నాక అది మోయలేనిదైంది.

బుధవారం వంటింట్లో మామాకు చెప్పింది. ఆమెకు వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. జైత్, అనా, జాలీ వైపు వేలు. నూనె, నేను, అక్కడ. మామాకు అర్థమైంది. అర్థమైందని ముఖం చెప్పింది. పదేళ్ళ కిందట ఇదే వంటింట్లో తాను చూపించిన చేయి, తాను అరిచిన మాట మామాకు గుర్తుకొచ్చాయి. "ఉస్కుతీ" అంది. నోరు మూసుకో. తర్వాత ఫోను తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. మామా వైపు నుంచి ఇంతవరకూ తెలియక జరిగింది. ఆ నిమిషం నుంచి జరిగింది తెలిసే జరిగింది. ఒక్క మాటతో ఒక మనిషి ఉద్యోగాన్ని నిలపగలిగిన స్త్రీ ఆ మాట అనలేదు. వెంకటేశ్వరి సిగ్గుపడింది. మామా ఆ రాత్రి పెళ్ళి విందుకు వెళ్ళింది.

గురువారం పొద్దున బాబా కారు దగ్గర నిలబడ్డాడు. లాల్ బాషా ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాల కవరు చంకన పెట్టుకుని వచ్చాడు. వెనక సీట్లో కూర్చోబోతున్న మామా కూడా ఉంది. వెంకటేశ్వరి వంటింటి నుంచి బాణలి ఎత్తుకుని దిగింది. అందులో ముందురోజు పిల్లలు అడిగితే చేపలు వేయించిన నూనె ఉంది. లాల్ బాషా కిటికీ గట్టు మీద నుంచి తీసిన లూమీ ఒకటి గుప్పిట్లో ఉంది. బాణలిని బాబా కాళ్ళ ముందు, తాను మెరిపించిన పలకల మీద దించింది. లూమీని పక్కన పెట్టింది.

"బాబా, అనా. లాల్ మాఫీ. లాల్ మాఫీ జైత్. అనా." నేను, లాల్ కాదు, నేను. జాలీ వైపు చూపించి, బాణలి వంచినట్టు చేతులు తిప్పి చూపించింది. మాటలు అయిపోతే తెలుగులోకి వచ్చేసింది. "పదకొండేండ్ల నుంచి నేనే పోసినా బాబా. నన్ను పంపియ్యి. ఆయప్పకేం తెలీదు."

"అక్కా, నీకేం పిచ్చా? ఊరుకో!" అన్నాడు లాల్ బాషా.

బాబా వంగి లూమీ తీసుకుని వాసన చూశాడు. సోమవారం చేయవలసిన పని గురువారం చేశాడు. తర్వాత మామా వైపు చూశాడు. మామా అబాయా అంచు సర్దుకుంటూ వీధి అవతల దేన్నో చూసింది. ఆ చూపు తప్పించడంతో బాబాకు మిగతాది కూడా అర్థమై ఉండాలి. లాల్ బాషా చంకలోని కవరు లాక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. దోషిగా ముద్ర వేసిన మనిషిని ఆ ముద్ర తుడవకుండానే వదిలేశాడు.

వెంకటేశ్వరి తన బట్టలు సంచిలో సర్దుకుని మెట్ల మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా ఎవరూ పిలవలేదు. సాయంకాలపు అసర్ నమాజు పిలుపు వినబడ్డాక మామా వచ్చి, రేపు నలభైమంది విందుకు వస్తున్నారని, చేపలు బయటికి తీసి పెట్టమని చెప్పింది. దీన్ని క్షమాపణ అనుకుంటే పొరపాటు. నలభైమందికి వండే మనిషి ఒక్కరోజులో దొరకదు, అంతే.

ఆ శుక్రవారం నూనె చల్లారేదాకా ఆగి, జల్లెడ పట్టి, ఖాళీ డబ్బాలో పోసి మూత బిగించింది. ఇప్పుడు ఆ డబ్బాలు మెట్ల కింద వరసగా ఉంటాయి. లాల్ బాషా కారు పని మీద అల్ రాయ్ వెళ్ళినప్పుడు వాడిన నూనె తీసుకునే చోట దింపి వస్తాడు. గిన్నెల అడుగు జిడ్డును ముందు కాగితంతో తుడిచి చెత్తలో వేశాకే సింకులో పెడుతుంది. పైపు గోడకు చుట్టి ఉంది. వాకిలిని పొడిగా ఊడ్చి, ఇసుక, రెట్ట, కాగితాలు చేటలోకి ఎత్తుతుంది. మరక పడితే తడిగుడ్డతో తుడిచి, ఆ బకెట్టు నీళ్ళను బాత్రూములో వంపుతుంది. లాల్ బాషా కారుకు ఒక బకెట్టు, ఒక గుడ్డ సరిపెట్టుకున్నాడు.

"ఏందే ఎంకటేశరీ, మురికి నూనెకు మూతలు బిగిస్తాండావు, ఊరగాయ పెడతావా?" అని పెద్దక్క పిట్టగోడ మీద నుంచి ఎగతాళి చేసింది. వారం తర్వాత ఖాళీ డబ్బా ఒకటి ఉంటే ఇమ్మని అడిగింది. వెంకటేశ్వరి పనిచేసే ఇల్లు తప్ప వీధిలో మిగతా ఇళ్ళ పైపులు ఇప్పటికీ ప్రతి పొద్దునా జాలీల్లోకే పారుతున్నాయి. ఆ ఇళ్ళలోనూ ఎవరో ఒకరు "బర్రా" అనే ఉంటారు. బయటంటే ఎక్కడ అని అడిగినవాళ్ళు ఉండరు.

ముంగిలి ఇప్పుడు మునుపటిలా మెరవదు. పలకల సందుల్లో ఇసుక ఉంటుంది. లాల్ బాషా ఆమెతో మునుపటిలాగే మాట్లాడతాడు, మందులు తెచ్చి ఇస్తాడు, ఆమె వండింది తింటాడు. ముగ్గు మాట మాత్రం ఎత్తడు. ఎందుకని ఆమె అడగలేదు. అడిగే హక్కు తనకు లేదనుకుంటుంది.

ఫిబ్రవరిలో మళ్ళీ వాన పడింది. నవంబరు కంటే గట్టిగా. లాల్ బాషా గది గుమ్మంలో నిలబడి చూశాడు. నీళ్ళు గేటు ముందు కాసేపు తటపటాయించి, సుడి తిరిగి, జాలీలోకి దిగిపోయాయి.

"అక్కా! దిగొచ్చి చూడు, గుటకలేస్తాండాది!" అని కేకేశాడు.

వెంకటేశ్వరి దిగలేదు. వంటింటి కిటికీ తలుపు సగం తెరిచి, అతనికి కనబడకుండా, నీళ్ళు పూర్తిగా దిగేదాకా చూస్తూ నిలబడింది. తర్వాత, అతను గదిలోకి వెళ్ళాకే, చేట తీసుకుని వానకు కొట్టుకొచ్చిన ఆకులు ఎత్తడానికి బయటికి వచ్చింది.